నాలుగో గడి

1. సోమవారం

ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉండాలి. ఉంది అనే రాస్తున్నాను. ఒంట్లోకి ఇంకా దిగలేదు, అంతే. మందుగది అమ్మాయి ముందే చెప్పింది: "తాతా, రోజూ ఏమనిపించిందో రాయి. ఏమీ అనిపించకపోతే ఏమనిపించాల్సిందో అది రాయి." నీళ్ళలో నెమ్మది మందు కలిపినన్నాళ్ళూ పెద్దవాళ్ళందరం ఇలా రాయాల్సిందే. తూర్పు సొరంగం పగిలి, గాలంతా బయటికి కొట్టేసి, లోపలున్న వాళ్ళు పోయిన దగ్గర్నుంచీ కలుపుతున్నారు. మందు లేకపోతే ఊరు ఊరంతా ఏడ్చి చచ్చేదట. ఇప్పుడు ఎవరూ ఏడవరు. నవ్వరు కూడా. నా భార్య చిన్నమ్మడు ఆ రోజు తూర్పు సొరంగంలోనే ఉంది. అది కిందటి పేజీల్లో రాశాను.

ఇవాళ్టిది రాస్తాను. నాకు ఒక్కతే కూతురు, పైడితల్లి. అలాంటి పిల్ల ఆరు ఊళ్ళు వెతికినా దొరకదు. ఆ పిల్ల పెళ్ళికి ఇవాళే లగ్నం ఖాయం చేశారు. పెళ్ళికొడుకు తవిటినాయుడు బయటి పనివాడు, గట్టు మీద ఎండపలకలు తుడుస్తాడు. మా ఊరు చంద్రుడి దక్షిణపు కొసన, గట్టు నీడలో, రాతి లోపల ఉంది. ఎండ కావాలంటే గట్టు మీదికి ఎక్కి పట్టుకోవాల్సిందే. ఆ పని చేసేవాడంటే ఊరికి దీపం పెట్టేవాడన్నమాట. అలాంటివాడు నాకు అల్లుడవుతున్నాడు.

రెండో మంచి కబురు ఇంకా పెద్దది. మా అమ్మాయి చుక్కల లైబ్రరీకి నాలుగో గడి పెట్టింది.

ఆకాశం బొమ్మలన్నీ దాచిన పెద్ద కొట్టు ఒకటి ఉంది. భూమ్మీద తీసినవీ ఉన్నాయి, మా గట్టు మీది దుర్భిణి కన్ను తీసినవీ ఉన్నాయి. ఆ కొట్టుని అడిగి బొమ్మ తెచ్చిపెట్టే కంప్యూటరు కోడు పేరు చుక్కల లైబ్రరీ. అది ఎవరి సొంతమూ కాదు. ఆరు ఊళ్ళవాళ్ళూ వాడతారు, ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. అయితే మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. పదిమంది వాడేదాన్ని మార్చాలంటే, మార్చినవాళ్ళు వంటగదిలో నిలబడి, ఆ పని తెలియని ఒక మనిషికి చెప్పి వినిపించాలి. విన్నవాడు అర్థమైందని చెయ్యెత్తితేనే అది లోపలికి పోతుంది. వినే వంతు ఈసారి నాది.

ఊరికి అంబలి పోసేది నేనే, గరిటె కింద పెట్టి కూర్చున్నాను. పైడి నిలబడింది. ఊరి పెద్ద పోలినాయుడు పక్కన ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ మూడు గళ్ళే నాన్నా. ఎక్కడ, ఎంత మేర, ఏ రోజు. అంతకు మించి అడగడానికి లేదు. ఇప్పుడు నాలుగోది పెట్టాను. అందులో ఎవరికి కావలసిన మాట వాళ్ళు రాసుకోవచ్చు. ఆ మాటని నేను ముట్టుకోను. ఉన్నదున్నట్టు కొట్టుకి పంపేస్తాను. అక్కడ..."

నేను చెయ్యెత్తేశాను.

"ఇదేటి మామా," అన్నాడు పోలినాయుడు. "పిల్ల నోరు ముయ్యకముందే సెయ్యెత్తేసినావు."

"నా కూతురు సెప్తే నాకు అర్థం కాకపోడమేటి?"

పైడి నావైపు చూసింది. ఇంకా ఏదో చెప్పాలనుకుంది. పోలినాయుడు అప్పటికే ముద్ర వేసేశాడు.

ఎంత సంతోషమో రాయడానికి నాకు మాటలు చాలవు. చెయ్యి కూడా వణకలేదు.

2. బుధవారం

వంటగది పక్కనే లైబ్రరీ కిటికీ. పొద్దున్నుంచీ జనం. ఇంతకుముందు ఆ కిటికీ దగ్గరికి ఎవరొచ్చేవారు? బడిపిల్లలు వచ్చేవాళ్ళు, వాళ్ళూ మాస్టారు తరిమితేనే. ఇవాళ ముసలివాళ్ళు కూడా వచ్చారు. మూడు గళ్ళంటే లెక్కలు కావాలి. నాలుగో గడికి నోరుంటే చాలు. మొదటి మూడూ ఖాళీగా వదిలేసి, నాలుగోదాంట్లో కడుపులో ఉన్న మాట చెప్పుకున్నారు. పైడి టైపు చేసి పెట్టింది.

సన్యాసమ్మ కూడా వచ్చింది. మా వీధే. ఆమె మొగుడు ముత్యాలూ మా చిన్నమ్మడూ ఒకే పనికి పోయేవారు, తూర్పు సొరంగంలో అంబలికి పండించే చోడి మళ్ళు చూసేవారు. అతను పోయాక సన్యాసమ్మ నేను పోసిన అంబలి గిన్నెని తాకకుండా తిప్పి పంపేది. నడిచేది, పడుకునేది, అంతే.

"ఏటి రాయమంటావు అత్తా?" అంది పైడి.

"మా ముత్యాలు పోయిన్నాటి ఆకాశం. అంతే రాయవే గుంటా."

పైడి రాసింది. బొమ్మ వచ్చింది. నల్లటి మీద తెల్లటి చుక్కలు చల్లినట్టు, ఎడమపక్కన మూడు పెద్ద చుక్కలు వరసగా, వాటి కింద గోటితో గీసినట్టు సన్నటి గీత. సన్యాసమ్మ దాన్ని చాలాసేపు పట్టుకు నిలబడింది.

"ఇంత బావుందేటి," అంది చివరికి. "ఆడు పోయిన్నాడు ఇంత బావుందా?"

సాయంత్రం ఆమె గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. నాకు చాలా సంతోషంగా ఉండాలి. ఉంది.

3. ఆదివారం

అంబలి కుండ అడుగు కనిపించింది. సొరంగం పగిలిన తరవాత ఇదే మొదటిసారి. రోజూ సగం కుండ మళ్ళీ మొక్కలకే పోసేవాణ్ణి. ఇక్కడ అంబలి గరిటెలోంచి గిన్నెలోకి దిగడానికి తొందరపడదు, తేనెలా సాగుతూ వస్తుంది. అది దిగేదాకా మనిషి ముఖంలోకి చూస్తూ నిలబడాలి. ఇన్నాళ్ళూ ఆ చూడ్డం కష్టంగా ఉండేది. ఇవాళ ఒకామె "ఇంకో గరిటె" అంది.

పోలినాయుడు వచ్చి కుండలోకి తొంగి చూశాడు.

"మామా, నీ కూతురు ఊరికి పేణం పోసిందిరా బాబూ. ఇలగే కుండ ఖాళీ అయితే మందు ఆపేద్దామంటన్నారు మందుగదోళ్ళు. పెళ్ళినాటికి మంచినీళ్ళే తాగుతాం."

"పెళ్ళినాటికా?"

"పెళ్ళినాటికే. నీ కూతురు పెళ్ళిలో నువ్వు ఏడవద్దేటి?"

నేను కుండ మీద మూత పెట్టేశాను. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. నాకు అది కావాలి. పైడి మెడలో పుస్తె పడేటప్పుడు గుండె పట్టేసినట్టు కావాలి. కళ్ళు మండాలి. చిన్నమ్మడు లేదు కాబట్టి ఆమె వంతు కూడా నేనే ఏడవాలి. ఇలా మొద్దులా నిలబడి, సంతోషంగా ఉంది అని రాత్రికి పేజీలో రాసుకోవడం నాకు వద్దు. ఈ వయసులో నాకు కావలసింది ఇదొక్కటే. మందుగది అమ్మాయి చదివితే చదవనీ.

4. మంగళవారం

కాళ్ళు రానివాళ్ళకి అంబలి నేనే ఇంటికి తీసుకెళ్తాను. ఇవాళ పంపులు చూసే గురువులు ఇంటికి వెళ్ళాను. అతనికి నడుం పట్టేసింది. గోడ మీద చుక్కల బొమ్మ అంటించుకున్నాడు.

"నువ్వేటి అడిగినావు గురువులూ?"

"మా అమ్మ పుట్టినూరు మీద ఆకాశం మామా. కళింగపట్నం. ఈ మూడు సుక్కలూ మా అమ్మ సెప్పేది. ఇయ్యే అనుకుంటాను."

ఎడమపక్కన మూడు పెద్ద చుక్కలు వరసగా ఉన్నాయి. వాటి కింద గోటితో గీసినట్టు సన్నటి గీత.

మంచిదే, ఒకే రోజు తీసినవేమో అనుకున్నాను. గిన్నె పెట్టి వచ్చేశాను. తరవాతి ఇంట్లో మంచం పక్కన అదే బొమ్మ. ఆవిడ అడిగింది తన పెళ్ళి రోజు. ఆ పై ఇంట్లో ఒక ముసలాయన మనవరాలు పుట్టిన రోజు అడిగాడు. అవే మూడు చుక్కలు, అదే గీత. బొమ్మకి ముద్దులు పెట్టి పెట్టి ఒక మూల చెరిగిపోయింది.

ఆఖరి గిన్నె సన్యాసమ్మది. గిన్నె ఆమె చేతికి ఇచ్చి గోడవైపు చూడకుండా తిరిగొచ్చాను.

ఇవాళ ఏమనిపించిందో తెలియలేదు. ఏమనిపించాల్సిందో కూడా తెలియలేదు. ఖాళీగా వదలకూడదు కాబట్టి ఇది రాశాను.

5. బుధవారం

పొద్దున్నే పైడికి చెప్పాను. గరిటె తోముతూ చెప్పాను. పిల్ల ముఖం చూడలేక.

కిటికీ లోపల కూర్చుని చాలాసేపు వెతికింది. తరవాత వచ్చి పొయ్యి పక్కన కూలబడింది.

"అన్నీ ఒకటే నాన్నా. ఊళ్ళో అందరి బొమ్మా ఒకటే."

"ఎలగమ్మా?"

"నేను మాట పంపుతున్నాను. కొట్టుకి ఆ మాట తెలీదు. తెలీదని చెప్పాలి గదా? చెప్పదు. ఆ మాటని పక్కన పారేస్తుంది. మిగతా మూడు గళ్ళూ ఖాళీ. ఏమీ అడగనివాళ్ళకి ఇచ్చే బొమ్మ ఒకటి ఉంది. మన గట్టు కన్ను మొట్టమొదట తెరిచినప్పుడు తీసింది. ఆ గీత దాని అద్దం మీది గీత. దాన్నే అందరికీ ఇస్తోంది." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు వంటగదిలో ఇదే చెప్పబోయాను. కొట్టుకి మాట తెలియకపోతే ఏమవుతుందో చూడాలి అని. నువ్వు చెయ్యెత్తేశావు."

"ఎత్తేశాను."

"నేనూ ఊరుకున్నాను. నువ్వంత సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదు."

పోలినాయుణ్ణి పిలిచాం. విన్నాడు. కుండ మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు.

"ఇప్పుడేటి సేద్దామంటావు అమ్మీ?"

"సరిచేస్తాను. తెలియని మాట వస్తే తెలియదని లైబ్రరీయే చెప్పాలి. తెలిసిన మాటలేవో చదివి చూపించాలి. ఇదివరకు తీసుకెళ్ళినవాళ్ళకి నేనే ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

"పెళ్ళయ్యాక సెప్పు. ఆల్లు తింటన్నారు. సూడు కుండ. ఇప్పుడు సెప్పినావంటే మల్లీ సగం కుండ మిగుల్తాది, మందు ఆపరు. ఎవలికి లాభం? బొమ్మ ఏదైతే ఏటి, ఆల్లకి బాగుంది గదా?"

"బయటి ఊళ్ళవాళ్ళు కూడా నా గడి వాడుతున్నారు పోలినాయుడు బావా. వాళ్ళు దాన్ని చూసి ఓడలకి దారి చెప్తారు."

"బయటోళ్ళకి సెప్పు. మనోళ్ళకి పెళ్ళయ్యాక సెప్పు." నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పు మామా. వినీ వంతు నీదే గదా ఇంకా. నువ్వు సెయ్యెత్తకపోతే అది లోపలికి పోదు."

నాకు సరిగ్గా ఒక్క మాట అనడమే మిగిలింది. పెళ్ళయ్యాక అనొచ్చు. పెళ్ళినాటికి మంచినీళ్ళు తాగొచ్చు.

"రేపు వింటాను," అన్నాను.

6. గురువారం

వంటగదిలో చాలామంది కూర్చున్నారు. పైడి ఎందుకు మళ్ళీ నిలబడిందో వాళ్ళకి తెలియదు. సన్యాసమ్మ రాలేదు.

పైడి చెప్పడం మొదలుపెట్టింది. నేను చెయ్యి ఒళ్ళోనే పెట్టుకున్నాను. మొత్తం చెప్పింది. చెయ్యి ఎత్తలేదు.

"అర్థమైందా నాన్నా?"

"కాలేదు. మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పింది. ఎవరో దగ్గారు. పోలినాయుడు నేలకేసి చూస్తున్నాడు, నేను అతని మాట పట్టుకున్నాననుకున్నాడేమో.

"కాలేదు."

"ఏ ముక్క అర్థం కాలేదు నాన్నా?" పిల్ల నా గరిటెకేసి చూసింది. "నా కిటికీ మాటల్లో కాదు, నీ వంటగది మాటల్లో చెప్తాను. ఒకామె వచ్చి పెసరట్టు కావాలంది. నీ దగ్గర లేదు. నువ్వేం చేస్తావు?"

"లేదంటాను. అంబలి ఉంది, చోడి రొట్టె ఉంది అంటాను."

"అనకుండా, మాట్లాడకుండా అంబలి పోసి చేతికిచ్చావు. ఆవిడ ఎప్పుడూ పెసరట్టు చూడలేదు. తాగేసి, పెసరట్టు ఎంత బావుందో అంటూ వెళ్ళిపోయింది. నా నాలుగో గడి అదే చేసింది. ఇప్పుడు నేను దానికి నోరు పెట్టాను. లేదు అంటుంది, ఉన్నవి చెప్తుంది. అంతే నాన్నా."

వెనకబెంచీ మీద గురువులు నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అయితే మా అమ్మ పుట్టినూరు...?"

"కాదు బావా."

అతను నెమ్మదిగా కూర్చున్నాడు. ఎవరూ అరవలేదు, మందు ఉంది కదా. గాలి తీసేసిన సంచుల్లా కూర్చున్నారు.

ఈసారి నాకు నిజంగానే అర్థమైంది. చెయ్యెత్తాను. చాలా బరువుగా ఉంది. ఇక్కడ దేనికీ అంత బరువుండదు. ఈ మాట మందుగది అమ్మాయి గమనించాలి.

7. శుక్రవారం

సన్యాసమ్మ ఇంటికి నేనూ పైడీ వెళ్ళాం.

"ఏటన్నియ్యా, తండ్రీ కూతుళ్ళు కలిసొచ్చినారు. పెళ్ళి పిలుపా?"

"పిలుపు తరవాత," అన్నాను. పైడి చెప్పింది. మెల్లగా, తప్పించకుండా చెప్పింది.

"అంటే నాను అడిగిన మాట ఆ కొట్టుకి సేరలేదు," అంది సన్యాసమ్మ.

"చేరింది అత్తా. దానికి ఆ మాట తెలీదు. తెలీదని చెప్పకుండా ఎవరికైనా ఇచ్చే బొమ్మే నీకూ ఇచ్చింది."

"ఎవలికైనా ఇచ్చేదా."

"అవునత్తా. తప్పు నాది."

గోడ మీది బొమ్మని తీయలేదు. వెనక్కి తిప్పి పెట్టింది, తెల్ల కాగితం మావైపు వచ్చేలా.

"ఎల్లండి. నాకు పనుంది."

ఆ ఇంట్లో ఏ పనీ లేదు. గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చాం. సాయంత్రానికి అక్కడే ఉంది, పైన పొర కట్టి.

8. సోమవారం

కుండ సగం మిగిలింది. నిన్నా మిగిలింది, మొన్నా మిగిలింది. మందుగది నుంచి కబురొచ్చింది, మందు ఆపడం లేదు.

పోలినాయుడు నా దగ్గరికొచ్చి కోప్పడలేదు. కోపం కూడా రాదు కదా. "సెప్పినాను గదా మామా," అన్నాడంతే. లైబ్రరీ కిటికీ మూసేసి, పెళ్ళయ్యాక వేరే మనిషికి ఇద్దామనుకుంటున్నారట. పైడి ఆ మాట విని తలూపింది. తవిటినాయుడు వచ్చి చాలాసేపు కిటికీ బయట నిలబడ్డాడు.

"ఒగ్గేస్తావా?" అన్నాడు.

"వాళ్ళే వదిలించేస్తారు."

"పలకలు తుడవడానికి నాకు ఒక మనిషి కావాలి గట్టు మీద. జీతం లేదు. చలి ఉంటాది."

పైడి నవ్వలేదు గానీ, నవ్వొస్తే ఎలా ఉంటుందో అలా పెదవి కదిలింది. వీళ్ళని చూస్తే నాకు ఎంత ముచ్చటగా ఉండాలో. రాస్తున్నాను: ఉంది.

9. మంగళవారం

సన్యాసమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

నేను వంటగదిలోంచి చూశాను. గరిటె అలాగే పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆమె నాలుగో గడిలో మళ్ళీ అదే చెప్పింది. మా ముత్యాలు పోయిన్నాటి ఆకాశం. పైడి టైపు చేసింది. జవాబు వచ్చింది. సన్యాసమ్మకి చదువు రాదు, పైడి చదివింది.

"ఆ మాట నాకు తెలియదు. నాకు తెలిసినవి: ఎక్కడ, ఎంత మేర, ఏ రోజు, ఏ గంట, ఏ కన్ను, ఎంత వెలుగు."

"ఇంకోసారి సదువు."

పైడి ఇంకోసారి చదివింది.

"ఏ రోజో దానికి తెలుసు గదా?"

"తెలుసు."

"ఏ గంటో తెలుసు. ఎక్కడో తెలుసు. ఇక్కడే, ఈ గట్టు మీదే. మరి నాను అడిగింది అంతే గదే గుంటా."

పైడి చేతులు బల్ల మీదే ఆగిపోయాయి. "అత్తా, అది తీస్తే బాగుండదు."

"బాగుండాలని ఎవలన్నారు?"

రోజు దాని గడిలో రాసింది, గంటా గట్టు కన్నూ నాలుగో గడిలో రాసింది. బొమ్మ వచ్చింది. అంతా బూడిదరంగు. చుక్కలు లేవు. కుడి మూల ఒక్కటి మాత్రం తడి గుడ్డ లోంచి చూసినట్టు మసగ్గా ఉంది.

"ఇదేటి, మబ్బా?"

"ఇక్కడ మబ్బులుండవు అత్తా. దుమ్ము. సొరంగం పగిలినప్పుడు గాలితోపాటు పైకి లేచింది. కన్ను అప్పుడు తెరిచే ఉంది."

సన్యాసమ్మ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. రుద్దలేదు, పెట్టి ఉంచింది.

"అయితే ఇందులో ఉన్నాడు," అంది.

చిన్నమ్మడు కూడా ఇందులోనే ఉంది అని నాకు తోచింది. తోచడమే. గుండెకి ఏమీ కాలేదు. ఆమె ఆ పొద్దున తలకి గుడ్డ కట్టుకుంటూ, అంబలిలో ఉప్పు ఎక్కువేశావు అంది. అది గుర్తొచ్చింది.

సన్యాసమ్మ నావైపు చూడకుండానే పైడితో అంది: "ఇంకోటి తియ్యవే. మీ నాన్నకి."

రెండో కాగితం నా చేతిలో పెట్టింది పైడి. అప్పటికే సన్యాసమ్మ తన గిన్నె చెంగులోంచి తీసి నాకేసి చాపింది.

"సల్లారిపోనాదేటి అంబలి?"

"వేడిగానే ఉంది."

"అయితే ఆ గరిటేటి, అలగ జెండాలాగ పట్టుకు నిలబడ్డావు."

పోశాను. అది దిగేదాకా ఆమె ముఖంలోకి చూశాను. ఆమె కూడా చూసింది.

10. శనివారం

పైడి పెళ్ళి ఇవాళే అయింది. ఎలా జరిగిందో మొత్తం రాస్తాను. మందుగది అమ్మాయి విసుక్కున్నా సరే.

మూడు రోజులుగా లైబ్రరీ కిటికీ దగ్గర మళ్ళీ జనం. సన్యాసమ్మ ఒక్కొక్కరినీ లాక్కొచ్చింది. "దానికి తెలిసిన మాటల్లో అడగండి, సిన్నపిల్లల్లాగ అన్నీ కావాలనకండి," అని కసిరింది. గురువులుకి కళింగపట్నం మీది ఆకాశం దొరికింది, వాళ్ళమ్మ చెప్పిన చుక్కలు మూడు కావు, నాలుగట. దాని మీద వాదించుకుంటున్నాడు, చచ్చిపోయిన వాళ్ళమ్మతో. కుండలో ఇవాళ కొంచెమే మిగిలింది. అయినా మందు మందే. పొద్దున తాగిన నీళ్ళలో కూడా ఉంది. పెళ్ళినాటికి ఆపలేదు. నేను అడగలేదు కూడా.

వంటగదిలోనే పందిరి. పుస్తె కట్టేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. మెడలో పడింది. నా గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది. కాగితం జేబులో ఉంది, చిన్నమ్మడిది. సరే, ఇంతే అనుకున్నాను.

తరవాత అరుంధతిని చూపించాలి. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో పంతులుగారు రాతి కప్పుకేసి వేలు చూపిస్తారు, కనిపించిందా అంటారు, కనిపించిందంటారు. మా పెళ్ళి కూడా భూమ్మీద పట్టపగలే అయింది. మేమూ కనిపించిందనే అన్నాం. ఈసారి పంతులుగారు ముచ్చటపడి గోడ మీది తెర పెట్టించారు. పెళ్ళికూతురు లైబ్రరీ పిల్ల కదా. నాలుగో గడిలో శుభప్రదమైన అరుంధతీ దర్శనం అని స్వయంగా రాశారు.

తెర మీద వచ్చింది: ఆ మాట నాకు తెలియదు.

ఊరంతా పైడికేసి చూసింది. పంతులుగారు తెరని వదిలేసి కప్పుకేసి వేలెత్తారు.

"అదిగో అరుంధతి. కనిపించిందా నాయనా?"

"కనిపించింది," అన్నాడు తవిటినాయుడు.

"నీకమ్మా?"

"లేదండి," అంది పైడి.

పంతులుగారు గొంతు తగ్గించారు. "అలా అనకూడదమ్మా. కనిపించిందనాలి."

"అది ఉత్తరాది చుక్క పంతులుగారూ. మనం దక్షిణపు కొసన ఉన్నాం. గట్టెక్కినా, ఎన్నాళ్ళు చూసినా ఇక్కడికి కనిపించదు."

పంతులుగారు వేలు పైకెత్తి అలాగే ఉంచారు. పోలినాయుడు నాకేసి చూశాడు. నేను నా కూతురికేసి చూశాను.

తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు. "కనిపించిందన్నది అబద్ధమేలెండి. కానీ నేను రోజూ పలకలు తుడుస్తుంటే నెత్తి మీదే ఒకటి మెరుస్తాది. ఎప్పుడెక్కినా అక్కడే ఉంటాది. అదేటి?"

పైడి పెళ్ళిపీటల మీంచే వంగి రాసింది. ఎక్కడ: ఇక్కడ. ఏ రోజు: ఇవాళ. ఎంత మేర: నడినెత్తి చుట్టూ. నాలుగో గడి ఖాళీగా వదిలేసింది. తెర నల్లబడింది. తరవాత నిండా చుక్కలు, నడుమకి కాస్త పక్కగా ఒక పెద్ద చుక్క. గీత లేదు. ఆ అద్దం తీసేసి మా అల్లుడు కొత్తది వేశాడట.

"అగస్త్యుడు," అంది పైడి.

"దక్షిణానికి పోయి మల్లీ రానోడు," అంది సన్యాసమ్మ వెనకనుంచి. "మనోడే."

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. నవ్వంటే ఇంతకుముందులాంటి నవ్వు కాదు, ముక్కుల్లోంచి గాలి వచ్చింది, కానీ చాలామందికి వచ్చింది. పంతులుగారు వేలు దించి, కాసేపు ఆలోచించి అన్నారు. "అగస్త్యుడి ఇల్లాలు లోపాముద్ర. ఆవిడ కూడా మహా పతివ్రతే. శాస్త్రానికి లోటు లేదు." వేలు మళ్ళీ ఎత్తారు, ఈసారి తెరకేసి.

"కనిపించిందా అమ్మా?"

పైడి చూసింది. తొందరపడలేదు. నాకు ఆ పిల్ల మెడ వెనక కనిపిస్తోంది, చిన్నమ్మడి మెడలాగే ఉంటుంది, అక్కడ ఒక పుట్టుమచ్చ.

"కనిపించింది," అంది.

తరవాత భోజనాలు. నేను గరిటె పట్టుకున్నాను, పెళ్ళికూతురి తండ్రినైనా సరే, వేరేవాళ్ళు పోస్తే కింద పడుతుంది. పోలినాయుడు గిన్నె చాపుతూ, "కిటికీ నీ కూతురి దగ్గరే ఉంటాదిలే మామా," అని నెమ్మదిగా అని వెళ్ళిపోయాడు. పైడి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పసుపు ఇంకా తడిగా ఉంది.

"నాన్నా, నీ చొక్కా తడిసిపోయింది."

చూసుకున్నాను. మెడ దగ్గర, ఛాతీ మీద, జేబు దాకా తడి. జేబులో కాగితం ఉందని తీసి పైడి చేతికిచ్చాను. మా వంటగది కప్పులో నీళ్ళ గొట్టాలు పోతాయి, అప్పుడప్పుడు కారతాయి. తలెత్తి చూశాను.

గొట్టం పొడిగానే ఉంది.